ఊట విన్న పేరు

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఆరో రోజు పొద్దున, సరిహద్దుకు ఇవతల హుఫూఫ్ ఊరిబయట ఖర్జూరపు తోటలో ఉన్న అబూ నాసర్ ఇంటి ముందు ఒక పెద్ద జీఎంసీ బండి వచ్చి ఆగింది. దాని రంగేదో తెలియనంత దుమ్ము. అందులోంచి అబూ నాసర్ చెల్లెలు ఉమ్ ఖాలిద్, ఆమె మొగుడు, అయిదుగురు పిల్లలు దిగినారు. దారీ తెన్నూ లేని ఎడారిలో పడి కువైట్ నుంచి సరిహద్దు దాటి వచ్చినారు పాపం. అందరూ దిగినాక, వెనక మూటల సందులోంచి ఒక ఆడమనిషి మెల్లగా కాళ్ళు కింద పెట్టింది. నలభై ఏళ్ళుంటాయి. ఖాళీ నీళ్ళ సీసాను రెండు చేతుల్తో గుండెకు అదుముకుని ఉంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

ఇంటి పనిమనిషి మహబూబ్బీ చెంబెడు నీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

"యాడ మీది?" మహబూబ్బీ తనకొచ్చిన ఉర్దూలో అడిగింది.

"గోవా. పేరు ఎర్మెలిందా. వీళ్ళింట్లో పని చేస్తా, లిందా అంటారు." చెంబు తిరిగిచ్చి, "నా పాస్‌పోర్టు కువైట్‌లో బీరువాలోనే ఉండిపోయింది," అని, అదేదో తన తప్పయినట్టు తల దించుకుంది.

మహబూబ్బీది రాయచోటి దగ్గర పల్లె. ముప్ఫై రెండేళ్ళు. కూతురు సల్మాను తల్లి దగ్గర వదిలి ఈ ఇంటికొచ్చి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో సొంత దేశపు మనిషి మొహం చూడటం ఇదే మొదలు. ఆ రోజు సాయంత్రానికే లిందక్కా అని పిలవడం మొదలుపెట్టింది. తన గదిలోనే రెండో పరుపు వేసింది. ఒకరిది దక్కను ఉర్దూ, ఇంకొకరిది కొంకణి కలిసిన హిందీ. అయినా వారం తిరిగేసరికి ఒక కడుపున పుట్టినోళ్ళ మాదిరి అయిపోయినారు.

ఆ ఇంటికి పెద్ద అబూ నాసర్ కాదు, ఆయన తల్లి. అందరూ ఆమెను జద్దా అంటారు, నాయనమ్మ అని. ఎనభై దాటింది. రెండు కళ్ళూ పోయి పదేళ్ళయింది. తోట మధ్యలో గుండ్రటి రాతి మెట్ల మధ్య గోరువెచ్చటి నీళ్ళ ఊట ఒకటుంది. జద్దా పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ దానిలోనే స్నానం. పొద్దున్నే మహబూబ్బీ చేయి పట్టుకుని తీసుకుపోవాలి, మూడో మెట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు పోయాలి. అడుగున ఇసకలోంచి బుడగలు లేచొచ్చి పైన పగిలిపోతుంటాయి. సన్నటి చేపపిల్లలు కాళ్ళకు తగులుతుంటాయి. అరబ్బీలో ఐన్ అంటే కన్ను, ఊటనూ ఐన్ అనే అంటారు. "నా రెండు కళ్ళు దేవుడు తీసుకున్నాడు, మూడోది తోటలో వదిలిపెట్టినాడు," అంటుంది జద్దా.

సెప్టెంబరులో బలదియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ వాళ్ళు, కాగితాలు పట్టుకుని వచ్చినారు, కువైట్ నుంచి ఎవరెవరొచ్చినారో రాసుకోను. లిందా వంతు వచ్చినప్పుడు ఆమె పూర్తి పేరు చెప్పింది. గుమాస్తాకు అది నోరు తిరగలేదు. రెండు సార్లు అడిగి, విసుక్కుని, 'లిందా, హిందీ' అని, అంటే ఇండియా మనిషని, మాత్రం రాసుకుని పోయినాడు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో బియ్యం ఏరుతూ లిందా అదే తలుచుకుని బాధపడింది. "సగమే రాసుకున్నాడు మహబూబీ. వెనకది వదిలేసినాడు."

"వెనకదేంది?"

"ఫోన్సేకా. మా ఇంటిపేరు."

"అంటే?"

లిందా చాట పక్కన పెట్టింది. "మా తాత చర్చిలో గంట కొట్టేవాడు. ఆయన చెప్పినాడు. మొదట్లో మా వాళ్ళకు వేరే పేరేదో ఉండేది, అదేందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. పోర్చుగీసోళ్ళు వచ్చి మతం మార్చినప్పుడు, ఎవరు తల మీద నీళ్ళు పోస్తే వాళ్ళ ఇంటిపేరే తగిలించినారు. మాకు పోసిన పాదిరి పేరు ఫోన్సేకా. ఫోన్తె అంటే ఊట. సేకా అంటే ఎండిపోయింది. వాళ్ళ దేశంలో యాడనో ఒక ఊర్లో ఊట ఎండిపోయిందంట. ఆ చోటికి ఆ పేరు, ఆ చోటి మనుషులకూ ఆ పేరు."

"నీళ్ళు పోసి, ఎండిపోయిన ఊట పేరు పెట్టినాడా?" మహబూబ్బీకి నవ్వాగలేదు.

లిందా కూడా నవ్వింది. "మా ఇంటి బావిలో ఎండాకాలం కూడా చేత్తో ముంచుకోవచ్చు. ఎవరి ఊటో ఎండిపోతే పేరు మాత్రం మాకొచ్చింది."

మాట అంతటితో ఆగిపోయేది. మహబూబ్బీ నోరు ఊరుకుంటే కదా. జద్దాకు రోజూ మధ్యాహ్నం తల దువ్వేటప్పుడు ఏదో ఒకటి చెప్పాలి. ఆమెకు కొత్త మనుషుల పేర్లంటే, వాటి అర్థాలంటే ఒక సరదా. మరుసటి రోజు దువ్వుతూ దువ్వుతూ, "యుమ్మా, మా లిందక్క ఇంటిపేరు ఏంటో తెలుసా?" అని మొదలుపెట్టి, తనకొచ్చిన అరబ్బీలో మొత్తం చెప్పేసింది. జద్దా నవ్వుతుందనుకుంది. ముసలామె తల దువ్వెన కింద కదలకుండా ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పు. ఐన్ ఏమయిందంట?"

"ఎండిపోయిందంట."

"ఆ పిల్ల ఆ పేరు మా ఐన్ దగ్గర పలికిందా?"

మహబూబ్బీ ఆలోచించింది. మూడు రోజుల కిందట ఊట దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే ఉమ్ ఖాలిద్ చిన్న కూతురు లిందాను ఆట పట్టిస్తా, నీ పేరు మొత్తం చెప్పు, చెప్పు అని అడిగింది. లిందా రాగం తీసి చెప్పింది. గుండ్రటి రాతిగోడలు ఆ పేరును తిప్పి తిప్పి పలికినాయి. పిల్ల చప్పట్లు కొట్టింది.

"పలికినట్టుంది యుమ్మా."

జద్దా దువ్వెనను తన చేతిలోకి తీసుకుంది.

పది రోజులు తిరక్కముందే ఊట తగ్గింది. మొదట ఒక వేలు. తర్వాత ఒక మెట్టు. జద్దా కూర్చునే మూడో మెట్టు పొడిగా బయటపడింది. అక్టోబరు వచ్చేసరికి అయిదు మెట్లు దిగితే తప్ప నీళ్ళందలేదు. చేపపిల్లలన్నీ మధ్యలోకి చేరి ఒకదాని మీద ఒకటి కదులుతుంటే చూడటానికి ఒళ్ళు జలదరించేది.

పేరు సంగతి జద్దా నోట విని, ఉమ్ ఖాలిద్ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "దీన్ని నేనే తెచ్చినా, నేనే పంపేస్తా. పోలీసులకు అప్పజెప్పండి. కాగితాల్లేని మనిషి."

ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. లిందాను ఊట పక్కకు పోవద్దన్నారు. ఆమె తాగే నీళ్ళకు వేరే కూజా పెట్టినారు. పిల్లలు ఆమె వస్తుంటే గోడకు అంటుకుని నిలబడేవాళ్ళు.

మహబూబ్బీకి తిండి సయించలేదు. చెప్పింది తనే. అదొక్కటే కాదు, ఆమెకు ఇంకొక సంగతి కూడా తెలుసు. ఊట ఎందుకు ఎండుతుందో ఆ ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె నాయన కాలేషా బావి కింద మూడెకరాల చెనిక్కాయ పండేది. పక్క చేని ఓబులయ్య మూడొందల అడుగుల బోరు వేయించి కరెంటు మోటారు బిగించినాడు. మూడు నెలల్లో కాలేషా బావిలో కప్ప కూడా మిగల్లేదు. ఇక్కడ గోడవతల కొత్త తోటలో ఎమన్ దేశపు కూలీలు నాలుగు డీజిలు మోటార్లు రాత్రీ పగలూ నడుపుతున్నారు. వాటి దడదడ వంటింట్లోకి వినబడుతూనే ఉంది. కానీ పనిమనిషి చెప్పే మాటకు విలువేముంది? పైగా, మొదటి మాట చెప్పిన నోటితోనే రెండో మాట ఎలా చెప్పాలి?

చివరికి జద్దాయే తీర్పు చెప్పింది. అందర్నీ తన గదిలోకి పిలిపించింది.

"ప్రాణం చేతబట్టుకుని మన గడప తొక్కిన మనిషి. బయటికి పంపేది లేదు. పేరు మారుద్దాం. నీ దేవుణ్ణి నువ్వు మొక్కుకో పిల్లా, దాంతో మాకు పని లేదు. నేటి నుంచి నీ పేరు రయ్యా. దాహం తీరిన మనిషి అని అర్థం. ఆ పాత పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. నీ నోట కూడా."

లిందా ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? గదిలోకి వచ్చినాక మహబూబ్బీ ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "నా నోరు కాలిపోనూ. నేనే చెప్పినా అక్కా."

"పోనీలే," అంది లిందా. "మా తాతముత్తాతల పేరు ఒకసారి మార్చినారు. మేమేమన్నా చచ్చిపోయినామా? ఇంకోసారి మార్చితే ఏం పోతుంది."

నవంబరులో రెండు సంగతులు జరిగినాయి. సర్కారు ఏదో కొత్త ఉత్తర్వు తెచ్చిందని ఎమన్ వాళ్ళు మూటలు కట్టుకుని దేశం వదిలి పోయినారు. గోడవతల మోటార్లు ఆగిపోయినాయి. ఇటు ఊట మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టింది. మెట్టు మెట్టూ ఎక్కింది. అబూ నాసర్ తల్లి చేతులు ముద్దుపెట్టుకున్నాడు. ఆమె పెట్టిన పేరు మంచిదైందన్నారు అందరూ. మోటార్ల సంగతి మహబూబ్బీ ఒక్కతే అనుకుంది. అనుకుని, పోనీ, ఏదైతేనేం, అక్క గండం గడిచింది అని ఊపిరి పీల్చుకుంది.

గండం గడవలేదు.

మొదట మహబూబ్బీ పట్టించుకోలేదు. లిందా కూజా తొందరగా ఖాళీ అవుతోంది. పొద్దున నింపితే పదిగంటలకల్లా అడుగంటుతోంది. చలికాలం. అందరూ చాయ్ కోసం పొయ్యి చుట్టూ చేరుతుంటే ఆమె కుళాయి కింద నోరు పెట్టి తాగుతోంది. పెదాలు పగిలి పొక్కులు లేచినాయి. నాలుక తెల్లబడింది. ఒకరోజు పెద్ద పళ్ళేనికి సరిపడా ఉల్లిపాయలు ఇద్దరూ తరుగుతున్నారు. మహబూబ్బీ కళ్ళు ధారలు కడుతున్నాయి. తలెత్తి చూస్తే లిందా కళ్ళల్లో చెమ్మ లేదు. రెప్ప కూడా వెయ్యకుండా, రెండు గాజు గోళీల మాదిరి కళ్ళతో చకచకా తరుగుతోంది.

"నీకు మండట్లేదా అక్కా?"

ఆమె వినలేదు.

"లిందక్కా!"

పలకలేదు. గొంతు తగ్గించి, "రయ్యా," అంది మహబూబ్బీ. అప్పుడు తిరిగి చూసింది.

ఆ రోజు నుంచి మహబూబ్బీ గమనిస్తూ వచ్చింది. లిందా అంటే పలకదు. రొట్టెల పొయ్యి ముందు గంట కూర్చున్నా చెమట పట్టదు. చేయి పట్టుకుంటే ఎండాకాలం గోడను తాకినట్టుంటుంది. అబూ నాసర్ మంచివాడు. క్లినిక్కుకు తీసుకుపోయినాడు. డాక్టరు రక్తం తీసి చూసి, షుగరు లేదు, ఏమీ లేదు, భయం పట్టుకున్నట్టుంది, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు తాగించండి అన్నాడు. తాగించినారు. తాగిన నీళ్ళు ఎటు పోతున్నాయో తెలీదు.

జనవరిలో యుద్ధం మొదలైంది. కిటికీలకు టేపులంటించినారు. విషపు గాలి సోకకుండా మొహానికి తొడుక్కునే మాస్కులు పంచినారు. సైరన్ మోగితే ఇల్లంతా ఒక గదిలో చేరేది. అలా ఒక సాయంత్రం, మగ్రిబ్ వేళ, రబ్బరు వాసనలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నప్పుడు, మహబూబ్బీ ఆమె మనసు మళ్ళిద్దామని చెవి దగ్గర మాస్కు ఆనించి, "నీ కూతురికి చదువైపోయిందా అక్కా? ఏం పేరు చెప్పినావు ఆ పిల్లది?" అని అడిగింది.

లిందా మాస్కు అద్దంలోంచి ఆమెను చూసింది. "నాకు కూతురుందా?" అంది.

జసింతా అనే ఆ పిల్ల గురించి మహబూబ్బీ వినని రోజు లేదు అంతకు ముందు.

ఇంకొకటి ఉంది. అది మహబూబ్బీ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే జద్దాకు నీళ్ళు పోసేటప్పుడు ఊటలో బుడగల చప్పుడు మారింది. ఇదివరకు అన్నం ఉడుకుతున్నట్టు ఒకే తీరుగా గుడగుడమనేది. ఇప్పుడు ఆగి ఆగి వస్తోంది. ఒక పెద్ద బుడగ, తర్వాత ఒక సన్నటి ఈల, తర్వాత ఇసక జారిన చప్పుడు. ఫోన్. సే. కా. మళ్ళీ ఫోన్. సే. కా. తన చెవులదే తప్పని చెవుల్లో నూనె వేసుకుంది. చప్పుడు పోలేదు. జద్దా మాత్రం నీళ్ళల్లో కాళ్ళాడిస్తా, మొహం అటు తిప్పి, వింటున్నట్టు కూర్చునేది. ఆమెకేం వినబడుతోందో మహబూబ్బీ అడగలేదు.

ఫిబ్రవరి చివర యుద్ధం ముగిసింది. కువైట్‌లో నూనె బావులు ఇరాక్ వాళ్ళు తగలబెట్టి పోయినారని రేడియోలో చెప్పినారు. ఉత్తరం గాలి వీచినప్పుడల్లా ఆ పొగ ఇక్కడి దాకా వచ్చేది. రంజాను నెలలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇటికె రంగుకు తిరిగినాడు. కాసేపటికి అదీ లేదు. కోళ్ళు గూట్లోకి పోయి ముడుచుకున్నాయి. ఇళ్ళల్లో లైట్లు వేసినారు. ఆకాశం నుంచి నల్లటి తుంపర పడి ఖర్జూరపు మట్టల మీంచి బొట్టు బొట్టుగా కారుతోంది.

జద్దా నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలంది. కుళాయి నీళ్ళు వద్దు, ఊట దగ్గరికే తీసుకుపొమ్మంది. మహబూబ్బీ ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క పట్టుకోవడానికి ఎవరూ లేరు, ఉమ్ ఖాలిద్ వాళ్ళు కువైట్ కబురు కోసం రేడియో ముందున్నారు. "రయ్యాను పిలువు," అంది జద్దా. "ఇప్పుడేం భయం లేదు."

ముగ్గురూ తోటలో నడిచినారు. పిట్ట కూత లేదు. పగటి పూట అంత చీకటి మహబూబ్బీ ఎరగదు. ఊట నిండుగా, మొదటి మెట్టు దాకా, నల్లగా ఉంది. బుడగలు మాత్రం పైకొచ్చి పగులుతూ తెల్లగా కనబడుతున్నాయి. జద్దాను మెట్టు మీద కూర్చోబెట్టి మహబూబ్బీ చెంబు ముంచుతోంది.

పక్కన చప్పుడైంది. లిందా మోకాళ్ళ మీద వంగి, దోసిట్లో తీసుకుని తాగుతోంది. రెండు దోసిళ్ళు. పది. తర్వాత దోసిలి మానేసి మొహమే నీళ్ళకు ఆనించింది. తాగుతూ తాగుతూ ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు. నల్లటి గౌను నీళ్ళ మీద తేలి విచ్చుకుంది.

"రయ్యా! చాలు, పైకి రా!"

ఇన్నాళ్ళూ ఆ పేరుకు పలికిన మనిషి ఈసారి దానికీ పలకలేదు. నీళ్ళు నడుము దాటినాయి. బుడగలు ఆమె చుట్టూ లేస్తున్నాయి. మధ్యలో నాలుగు నిలువుల లోతు.

"లిందా! లిందక్కా!"

నీళ్ళు రొమ్ముల దాకా వచ్చినాయి. అప్పుడు మహబూబ్బీకి ఆ చప్పుడు స్పష్టంగా వినబడింది. ఇసకలోంచి, రాళ్ళలోంచి, ఫోన్, సే, కా అని, అది ఎవరినో పిలుస్తున్నట్టు కాదు, దొరికిన దాన్ని నోట్లో వేసుకుని నములుతున్నట్టు ఉంది. చెంబు ఎప్పుడు జారిపోయిందో తెలీదు. గుండెలో గాలంతా కూడగట్టి అరిచింది.

"ఎర్మెలిందా ఫోన్సేకా!"

"వద్దు!" జద్దా ఆమె చేయి దొరకబుచ్చుకుని లాగింది. "వద్దు పిల్లా, వద్దు, ఆ పేరొద్దు!"

మహబూబ్బీ చేయి విడిపించుకుంది. "ఎర్మెలిందా ఫోన్సేకా! జసింతా తల్లీ! ఇట్లా చూడు!"

రాతిగోడలు ఆ పేరును ఒక చుట్టు తిప్పినాయి. మెడ దాకా నీళ్ళల్లో ఉన్న మనిషి ఆగింది. మెల్లగా తల తిప్పింది. నిద్రలోంచి లేచినట్టు చుట్టూ చూసింది. తర్వాత ఆమె మొహం ముడుతలు పడింది, చంటిపిల్ల ఏడవబోయే ముందు మొహం మాదిరి, కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారినాయి. అయిదు నెలల ఏడుపు అది. మహబూబ్బీ నడుము లోతుకు దిగి ఆమె జుట్టు పట్టుకుని, చేయి పట్టుకుని, ఒడ్డుకు ఈడ్చింది. ఇద్దరూ మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడిపోయినారు. లిందా ఒళ్ళు వెచ్చగా, మనిషి ఒళ్ళు మాదిరి ఉంది.

"నిలిచిపోయింది," అంది జద్దా.

అప్పుడు గానీ మహబూబ్బీ ఊట వైపు చూడలేదు. బుడగలు లేవు. ఒక్కటి కూడా లేదు. నీళ్ళు గాజుపలక మాదిరి కదలకుండా ఉన్నాయి, వాటి మీద నల్లటి తుంపర గుంటలు పొడుస్తోంది.

జద్దా తిడుతుందనుకుంది, కొడుకుతో చెప్పి ఇద్దర్నీ గెంటిస్తుందనుకుంది. ముసలామె చెయ్యి నీళ్ళల్లో పెట్టి బుడగల కోసం తడిమింది. తర్వాత, "లోపలికి తీసుకుపో. తడిగుడ్డలు మార్పించు," అని మాత్రం అంది. ఆ తర్వాత ఇంట్లో ఎవరి ముందూ ఆ సంగతి ఎత్తలేదు.

సాయంత్రానికి బుడగలు మళ్ళీ వచ్చినాయి, అక్కడొకటి ఇక్కడొకటి. చప్పుడు మాత్రం మామూలు చప్పుడే. లిందా రెండు రోజులు ఒళ్ళెరగకుండా పడుకుని, మూడో రోజు లేచి చాయ్ అడిగింది. ఒక గ్లాసు తాగి చాలు అంది.

పండుగ తర్వాత గోడవతల తోటకు బంగ్లాదేశీ కూలీలు వచ్చినారు. మోటార్లు మళ్ళీ దడదడలాడినాయి. ఊట మళ్ళీ దిగడం మొదలైంది. ఇంక మహబూబ్బీ ఊరుకోలేదు. తల దువ్వేటప్పుడు తన నాయన బావి సంగతి, ఓబులయ్య బోరు సంగతి మొత్తం చెప్పింది. "అది పేరు పని కాదు యుమ్మా. మోటార్ల పని. అవి ఆగినప్పుడు మీ ఐన్ లేచింది, నడిస్తే దిగుతోంది. మీరే చూడండి."

"నా మొగుడు కూడా బతికున్నప్పుడు అదే అన్నాడు," అంది జద్దా. "నిజమే అయ్యుంటుంది. కానీ పిల్లా, ఆ రోజు మోటార్లు లేవు. నువ్వు పేరు పిలిచినావు, అది ఆగింది. నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి."

మహబూబ్బీ దువ్వెనలో చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు ఒకటొకటిగా తీసింది.

జూన్‌లో దమ్మామ్‌లో ఒక స్కూలు హాల్లో ఎంబసీ వాళ్ళు కూర్చుని, పాస్‌పోర్టులు పోగొట్టుకున్న వాళ్ళకు ఇంటికి పోను కాగితాలు రాసిస్తున్నారని తెలిసింది. అబూ నాసర్ తన బండిలో ఇద్దర్నీ తీసుకుపోయినాడు. ఉమ్ ఖాలిద్ వాళ్ళు అప్పటికే కువైట్ పోయినారు, లిందాను రమ్మని అడగలేదు. టేబులు వెనక అచ్యుతరావు అనే ఆఫీసరు చెమటలు తుడుచుకుంటూ రాస్తున్నాడు. బలదియా కాగితంలో 'లిందా, హిందీ' అని మాత్రమే ఉంది. ఇంకో చోట, డాక్టరు చీటీలో, రయ్యా అని ఉంది.

"ఇందులో ఏది నీ పేరమ్మా?" హిందీలో అడిగినాడు.

"ఎర్మెలిందా ఫోన్సేకా."

"రుజువేమిటి? ఎవరైనా సాక్షి ఉన్నారా?"

మహబూబ్బీ ముందుకొచ్చింది. ఆమె హిందీలో రాయచోటి యాస పసిగట్టి ఆయన తెలుగులోకి దిగినాడు. "నువ్వెలా చెప్తావమ్మా, ఈవిడ పేరు ఇదేనని? చదువొచ్చా?"

"రాదు సార్. పిలిస్తే పలికింది."

ఆఫీసరు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసినాడు. పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకుని, కింద మహబూబ్బీ వేలిముద్ర వేయించుకున్నాడు. లిందా ఆ కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పిందో. కాగితాలొచ్చిన వాళ్ళను రేవుకు తీసుకుపోయే బస్సు ఎక్కబోతూ మహబూబ్బీ రెండు చేతులూ పట్టుకుని, "నేను ఆ నీళ్ళల్లో ఉన్నప్పుడు నాకు చాలా హాయిగా ఉండింది మహబూబీ. అది నీకు చెప్పకుండా పోవాలనిపించలేదు," అంది. కిటికీలోంచి చేయి ఊపింది. బస్సు రేవు రోడ్డు వైపు తిరిగింది.

ఊట మరుసటేడు రంజానుకు ముందే పూర్తిగా ఎండిపోయింది. ఒక్క వీళ్ళదే కాదు, ఆ చుట్టుపక్కల ఊటలెన్నో అవే ఏళ్ళల్లో ఒకటొకటిగా ఆగిపోయినాయి. జద్దాకు ట్యాంకరు నీళ్ళు పోస్తే తుప్పు వాసనని ఏడ్చేది. తొంభై మూడు చలికాలంలో ఆమె పోయింది. మరుసటేడు మహబూబ్బీ ఎగ్జిట్ వీసా వేయించుకుని ఊరికొచ్చేసింది. లిందా నుంచి ఒక ఉత్తరం వచ్చింది, జసింతా పెళ్ళని. సల్మా చదివి వినిపించింది.

ఇప్పటికీ వీధిలో ఆడవాళ్ళు అరబ్బు దేశం కథలు చెప్పమంటే మహబూబ్బీ ఇది చెబుతుంది. ఇంట్లో చెబితే పేరు మొత్తం చెబుతుంది. అది మోటార్ల పనే అని కూడా చెబుతుంది, ఒట్టు పెట్టి చెబుతుంది. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డప్పుడు ఎవరన్నా అడిగితే మాత్రం, "లిందా అని ఒకామె ఉండేది," అంటుంది. వెనకదేంది అని పిల్లలు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా, బిందె నిండిందని చెప్పి ఎత్తుకుని పోతుంది.